సిరొంచ పటంలో మిగిలిన తెల్ల జాగా

2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు మహారాష్ట్రలోని సిరొంచలో మా ఇంటి పైకప్పు రేకులు గలగలమన్నప్పుడు, కోతులు దూకాయనుకుని కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. కోతులు లేవు, పక్కింటివాళ్లు మాత్రం అప్పటికే వాకిట్లో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. తీవ్రత 5.3 అనీ, కేంద్రం గోదావరికి అవతల ములుగు జిల్లాలో ఉందనీ, లోతు సుమారు 40 కిలోమీటర్లనీ తర్వాత తెలిసింది. అదురు రెండు ఒడ్డులదీ అయినా భూకంపం ములుగు పేరుతోనే నమోదైంది. మా తాలూకాకు ఇలాంటివి కొత్త కాదు. ఏ నది పటంలో చూసినా, ఏ రాష్ట్రపు పటంలో చూసినా మేము అంచున ఉంటాం.

ఆ వారంలోనే, నేను భూగోళం చెప్పే మరాఠీ మాధ్యమం బడిలో, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు అడిగిన ప్రశ్నలకు జవాబుగా ఒక గోడపటం గీయడం మొదలుపెట్టాను. తూర్పున సిరొంచ, పడమట నాందేడ్ జిల్లాలో మా అక్కను ఇచ్చిన దెగ్లూరు, ఈ రెంటి మధ్య నేల కింద రాతిపొరలు విరిగి జరిగిన చీలికలు, అంటే భ్రంశాలు, జనానికి తెలిసి వచ్చిన భూకంపాలు అందులో ఉండాలి. భ్రంశాన్ని మరాఠీలో ప్రస్తరభంగ అంటారు. బొగ్గు గనుల్లో పనిచేసే మా బంధువులు మాత్రం ఫాల్ట్ అనే అంటారు, దాని స్వభావం పుస్తకాలకన్నా వాళ్లకే బాగా తెలుసు. నిన్నటిదాకా ఎదురుగా ఉన్న బొగ్గు పొర ఇవాళ గోడ కట్టినట్టు తెగిపోయి రాయి ఎదురైతే, పొర పైకి పోయిందో కిందికి దిగిందో తేల్చుకున్నాకే తవ్వకం ముందుకు సాగుతుంది.

తూర్పు సగం గీయడం తేలికయింది. ధార్వార్, బస్తర్ అనే రెండు పురాతన శిలాఖండాల మధ్య నేల సాగి, విరిగి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక పొడవాటి పల్లంగా కుంగింది. ఆ కుంగిన చోట చేరిన ఇసుక, బురద, చెట్ల శిథిలాలు కోట్ల సంవత్సరాల పాటు పొరలుగా పేరుకున్నాయి. బల్లార్‌పూర్, ఘుగ్గుస్ బొగ్గూ, నది అవతలి సింగరేణి బొగ్గూ ఒకే పల్లంలో దాగి మిగిలినవే. మా తాలూకాలోని కోట గ్రామం పేరుతోనే పిలిచే రాతిపొరల్లో దొరికే రాక్షసబల్లుల ఎముకలు, వడధం దగ్గర రాయిగా మారిన మానులు కూడా ఆ అవక్షేపాల్లోనివే. పడమటి నుంచి వచ్చిన గోదావరి ప్రాణహితను కలుపుకున్నాక ఆగ్నేయానికి తిరిగి భద్రాచలం వైపు సాగడం చూస్తే, పాత పల్లమే నదికి దారి చూపిందని అర్థమవుతుంది. ఈ పల్లం అంచుల వెంట కడెం వంటి భ్రంశాలను భూవిజ్ఞానులు గుర్తించారు. ఒక పక్క గట్టి పురాతన శిల, దాని పక్కనే లేత ఇసుకరాయి, మధ్య నలిగి పొడైన రాయి, వరుసలో ఉన్న నునుపు గీరలు, అకారణంగా తిన్నగా పారే వాగులు, బోరు రంధ్రాల్లో ఒకే పొర వేర్వేరు లోతుల్లో దొరకడం, ఇలాంటి గుర్తులన్నీ కలిపి ఒక గీత గీస్తారు.

ఆ గీతను ఎంత నమ్మాలన్నది వేరే సంగతి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2000లో వెలువరించిన భూకంపాలనూ భ్రంశాలనూ కలిపి చూపే భూకంప-విరూపణ అట్లాసులో 43 పటాలున్నాయి, వాటి స్కేలు పది లక్షల్లో ఒకటి, అంటే పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద కిలోమీటరు. పెన్సిలు గీత మందమే అర కిలోమీటరు తినేచోట, ఫాల్ట్ మా ఇంటి కిందుగా పోతుందా అని అడిగితే పటం ఏం చెబుతుంది? పైగా కంటికి కనిపించిన భ్రంశానికి నిండు గీత, ఊహించిన దానికి చుక్కల గీత వాడతారు. పత్రికల్లో పునర్ముద్రణ అయ్యేసరికి చుక్కలన్నీ కలిసి నిండు గీతలైపోవడం నేను చాలాసార్లు చూశాను. మరో చిక్కు ఏమిటంటే, కోట్ల ఏళ్ల క్రితం కదిలి ఆగిపోయిన భ్రంశానికీ, ఇంకా కదలగలిగే దానికీ చాలా పటాల్లో ఒకే సిరా. 40 కిలోమీటర్ల లోతున పుట్టిన కుదుపును ఉపరితలం మీది ఫలానా గీతకు ముడిపెట్టడం అంత తేలిక కాదు.

గీతల పక్కన తేదీలు వేయాల్సి వచ్చినప్పుడు మొదట రాసింది 1969 ఏప్రిల్ 13, భద్రాచలం, తీవ్రత 5.7. మా వీధి చివర ఉండే తాత దానికి తేదీ చెప్పలేదు. "ఇప్పపూలు రాలే రోజులు, ఉట్టి మీద కుండ ఊగి కింద పడ్డది" అన్నాడు. ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కనుక ఆయన జ్ఞాపకాన్ని పటంలో పెన్సిలుతో చేర్చాను. అంతకు ముందు తరాల కుదుపులు ఈ అడవుల్లో ఎవరికి తెలిశాయో, ఎవరు రాసి పెట్టారో! థామస్ ఓల్డ్‌హామ్ కూర్చిన భారత భూకంపాల జాబితా 1883లో అచ్చయింది. ఉత్తరాలు, దినచర్యలు, పత్రికలు ఉన్నచోటి కుదుపులే అటువంటి జాబితాలకు ఎక్కుతాయి. రాత లేనిచోట చుక్క పడదు.

పడమటి సగం దగ్గర చేయి ఆగింది. నాందేడ్ వైపు వెళ్లేకొద్దీ సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కను లావా పాత శిలలన్నింటినీ కప్పేసింది; పైన నల్లరేగడి, కింద ఆ లావా గడ్డకట్టిన బసాల్టు రాయి, దాని కిందివి కంటికి అందవు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు లాతూరు జిల్లా కిల్లారి నేల కదిలినప్పుడు దెగ్లూరులో మా అక్క ఇంట్లో ఇత్తడి బిందెలు మోగాయట. వినాయక నిమజ్జనాలు ముగించుకుని పడుకున్న ఊళ్లలో, రాయీ మట్టీ పేర్చిన గోడలు, బరువైన మట్టి మిద్దెలు మీద పడి దాదాపు పదివేల మంది చనిపోయారు. తీవ్రత 6.2, అంటే మొన్నటి ములుగు భూకంపంకన్నా విడుదలైన శక్తి సుమారు ఇరవై రెట్లు ఎక్కువ. లోతు కూడా చాలా తక్కువ. అప్పటి భూకంప మండలాల పటంలో కిల్లారి అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉండేది. తర్వాత అక్కడ 617 మీటర్ల లోతుకు బోరు దించితే, బసాల్టు మందమే 338 మీటర్లని తేలింది. 2002 పటంలో ఒకటో మండలమే లేకుండా పోయింది. 2024లో మార్చి 21న, జూలై 10న హింగోలి జిల్లాలో 4.5 తీవ్రతతో వచ్చిన కుదుపులు నాందేడ్‌లోనూ తెలిశాయి. అవి కూడా లావా కప్పిన నేల కిందివే.

నా పటం మొదటి ప్రతిలో దెగ్లూరు చుట్టూ తెల్లగా వదిలేసి, "ఇక్కడ భ్రంశాలు లేవు" అని రాశాను. ఏడో తరగతి పిల్ల ఒకతె దగ్గరికి వచ్చి, "లేవా సార్, కనబడవా?" అని అడిగింది. ఆ సాయంత్రమే రబ్బరుతో తుడిచి, ఆ జాగా అంతా అడ్డగీతలతో నింపి, "ఇక్కడ బసాల్టు కప్పింది" అని రాశాను.