కర్జత్‌లో బండి ఎందుకాగుతుందంటే

బుధవారం, జులై

పొద్దున నాలుగున్నరకి కల్యాణ్‌లో డ్యూటీ ఎక్కాను. రాత్రంతా వాన. గొడుగు రూమ్‌లో మర్చిపోయాను, రెయిన్‌కోటుకి చంక దగ్గర చిరుగు, బండి దగ్గరికి చేరేసరికి సగం తడిసిపోయాను. ఎరువుల బస్తాల బండి. టార్చి వేసుకుని, కంకర మీద తడబడుతూ, ఒక్కో వ్యాగన్ తలుపూ దాని సీలూ చూసుకుంటూ చివరిదాకా నడవాలి. అర కిలోమీటరు పైనే. చివర్న నా పెట్టె.

2022 జనవరి నుంచి మమ్మల్ని గార్డు అనడం లేదు, ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆ సంగతి అప్పట్లో ఫోన్లో చెప్తే, "మేనేజర్‌వైతే సల్లటి రూమిస్తరా బిడ్డా?" అని అడిగింది అమ్మ. గూడ్సు బ్రేక్ వ్యాన్ ఎలా ఉంటుందో ఆమెకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇనప గది, అటూ ఇటూ చిన్న వరండా, కూర్చోడానికి ఒక బల్ల, చేతి బ్రేకు చక్రం, గాలి ఒత్తిడి చూపించే మీటరు. ఫ్యాను లేదు, లైటు లేదు. ఇవాళ్టి దాంట్లో అదనంగా కప్పు కారుతోంది. బ్యాగుని ఈ మూల నుంచి ఆ మూలకి జరుపుకోవడంతోనే నేరల్ దాకా గడిచిపోయింది.

కర్జత్‌లో లూప్ లైన్లో, అంటే మెయిన్ లైను పక్కన బండి ఆపే పట్టా మీద, పెట్టారు. ఇక్కడిదాకా నేల చదునుగా ఉంటుంది, ఇక్కణ్ణుంచి భోర్ ఘాట్, బొంబాయి నుంచి పుణె పోయే దారిలోని కొండ. కొండ పైనున్న లోనావలా 28 కిలోమీటర్లు. ఈ కాస్త దూరంలోనే బండి అర కిలోమీటరుకి పైగా ఎత్తు ఎక్కాలి. బాగా ఏటవాలుగా ఉన్న చోట 37 అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. సైకిల్ మీదైతే కాస్త రొప్పుతూ దిగకుండానే తొక్కేస్తాం. కానీ మాది ఇనప పట్టా మీద ఇనప చక్రం. ఆ నున్నదనం వల్లే చదునులో అంత బరువు తేలిగ్గా దొర్లుకుంటూ పోతుంది, ఎత్తులో ఆ నున్నదనమే మెడకి చుట్టుకుంటుంది. ప్రతి వెయ్యి టన్నులకీ కొండ 27 టన్నుల బలంతో వెనక్కి లాగుతుంది. మూడు వేల టన్నుల బండైతే 81 టన్నులు. డబ్ల్యూఏజీ-7 అనే గూడ్సు కరెంటు ఇంజిన్ ఒకటి కదిలేటప్పుడు మహా అయితే నలభై టన్నుల పైచిలుకు లాగగలదు, అదీ పట్టాలు పొడిగా ఉంటే. ఇవాళ పొడి పట్టా అన్నది ఎక్కడా లేదు.

అందుకే కర్జత్‌లో ఆగి వెనక ఇంకో మూడు ఇంజిన్లు తగిలించుకుంటాం. మేం బ్యాంకర్ అంటాం. ఉన్నవన్నీ ముందే కట్టేయొచ్చు కదా అని చేరిన కొత్తలో నేనూ అడిగాను. కట్టేస్తే మొత్తం బండి బరువు మొదటి వ్యాగన్ కొక్కెం మీద పడుతుంది. ఎంత గట్టి కొక్కేనికైనా ఒక హద్దుంటుంది. అది తెగిందంటే గాలి పైపూ విడిపోయి బ్రేకులు వాటంతటవే పడాలి. అవి పట్టకపోతే వెనక మిగిలిన బండి కొండ దిగడం మొదలుపెడుతుంది, ఆ దిగేదాని కొసన నేనుంటాను. బలం రెండు చివర్లా పంచితే ముందు సగాన్ని లాగుతారు, వెనక సగాన్ని తోస్తారు. మధ్యలో ఎక్కడో ఒక కొక్కెం మీద లాగుడూ ఉండదు, తోపూ ఉండదు. అది ఏ వ్యాగన్‌దో ఎవరూ చెప్పలేరు, మలుపు మలుపుకీ మారుతుంటుంది. బస్తాలకి ప్రాణముంటే ఆ వ్యాగన్లో ఉన్నవే హాయిగా నిద్రపోతాయి.

బ్యాంకర్ వచ్చి తగులుకోవడం చూడ్డం నాకు ఇప్పటికీ ఇష్టం. మూడు ఇంజిన్లు జంటపక్షుల్లా అని రాయబోయాను, మూడు కదా, కుదరదు. వానలో హెడ్‌లైటు వేసుకుని నెమ్మదిగా వచ్చి కాస్త దూరంలో ఆగుతాయి. పాయింట్స్‌మన్ కాకా పట్టాల పక్కన నిలబడి చేతిలో లైటు ఊపుతాడు. అడుగు, ఇంకో అడుగు. ఆ తర్వాత "దడ్". వ్యాన్ మొత్తం అదురుతుంది. నా టీ గ్లాసు బల్ల మీద జానెడు జరిగి ఆగుతుంది (ఇవాళ ఆగలేదు, ప్యాంటు మీద పడింది). కాకా కిందికి వంగి గాలి పైపులు కలిపి, కొక్కెం సరిగ్గా పడిందా లేదా చూసి, తల ఊపుతాడు.

ఆ "దడ్" నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా అమ్మానాన్నలు బొంబాయిలో బిల్డింగ్ పనికి పోయేవాళ్లు. మక్తల్ చుట్టుపక్కల ఊళ్లలో పోనిదెవరు? పండక్కి ఊరొచ్చేటప్పుడు రాయచూరులో దిగి బస్సెక్కేవాళ్లం. కర్జత్‌లో బండి చాలాసేపు ఆగేది. నేను అమ్మ ఒళ్లో నిద్రపోతుండగా బండి ఒక్కసారి అదిరేది, లేచి ఏడ్చేవాణ్ణి. అప్పటికే కిటికీ బయట వడాపావ్ అరుపులు. నాన్న దిగి కాగితంలో చుట్టించుకుని వచ్చేవాడు. బండి వడల కోసమే ఆగుతుందని మా అమ్మ గట్టి నమ్మకం. ఆమె నమ్మకం తలకిందులుగా నిజం. ఇంజిన్ తగిలించడానికి బండి ఆగబట్టే అక్కడ వడల బేరం పెరిగింది.

బ్యాంకర్ తగిలాక నా వెనక వరండాకి మూడు నాలుగడుగుల దూరంలో ఇంజిన్ మొహం ఉంటుంది. రెండు అద్దాలు, రెండు వైపర్లు, వాటి వెనక ఇద్దరు మనుషులు. వాళ్లకి ముందు దారి కనపడదు, సిగ్నల్ కనపడదు. కనపడేదల్లా నా పెట్టె, అందులో నేను. బండి ఆపాలా, తగ్గించాలా అన్నది ముందు ఇంజిన్ నడిపే పైలట్ చూసుకుంటాడు. వీళ్ల పని తోయడం. గంట పైన ఎదురుబొదురుగా కూర్చుంటాం. మాటలుండవు, ఇంజిన్‌ని చల్లబరిచే బ్లోయర్ల హోరులో ఉన్నా వినపడవు. ఇవాళ ఎడమ పక్క సీట్లో ఉన్నాయన నాకు మొహం తెలిసినవాడే. తెల్ల మీసం, మెడకి తువ్వాలు, కిటికీ దగ్గర స్టీలు డబ్బా. నాలుగేళ్లుగా నెలకి రెండు మూడుసార్లు చూస్తున్నాను. పేరు అడగలేదు. ఆయనకి నా గురించి నాకంటే ఎక్కువే తెలిసుండాలి. నేను ఎప్పుడు తింటానో, ఎప్పుడు కునుకొస్తే లేచి నిలబడతానో, ఎప్పుడు ఫోన్ తీసి లోపల పెట్టేస్తానో.

మీటర్లో ఒత్తిడి చూసుకుని వాకీటాకీలో చెప్పాను. సిగ్నల్ పడింది. ముందు నుంచి, అర కిలోమీటరు అవతల నుంచి, సన్నగా ఒక పొట్టి కూత. వెంటనే నా చెవి పక్కనే ఇంకో పొట్టి కూత. నువ్వు సిద్ధమా, సిద్ధమే. చేతుల్లో వాకీటాకీలు ఉన్నా ఈ కూతలు మాత్రం పోలేదు, పోకూడదనే నా కోరిక.

చదునులో బండి కదిలితే కొక్కేలు ముందు నుంచి ఒక్కొక్కటే బిగుసుకుంటూ వస్తాయి. టక, టక, టక అని ఆ చప్పుడు దగ్గరవుతూ వచ్చి చివర్న నన్ను గుంజుతుంది. ఘాట్‌లో అలా కాదు. వీపు మీద ఎవరో అరచెయ్యి పెట్టి మెల్లగా నెట్టినట్టుంటుంది. నా పెట్టె అటు బండికీ ఇటు ఇంజిన్లకీ మధ్య నలుగుతూ మూలుగుతుంది. పళస్దరి దాటాక ఆ మూలుగు ఇంకాస్త బొంగురు పోతుంది. అప్పుడు అసలు ఎక్కుడు మొదలైందని కళ్లు మూసుకునైనా చెప్పొచ్చు.

ఠాకూర్‌వాడీ దాటాక వాన తగ్గి తుంపర పడింది. కొత్తవాళ్లు వాన తగ్గిందని సంబరపడతారు. కుండపోత వాన పట్టాని కడిగేస్తుంది, తుంపర మాత్రం ఉన్న జిడ్డునీ మట్టినీ తడిపి బురదలా చేస్తుంది. ఒక మలుపులో వేగం తగ్గుతూ తగ్గుతూ నడిచే మనిషి మాతో సమానంగా వచ్చేంతకి దిగింది. ఎదురుగా ఇంజిన్ చక్రాలు ఒక్కసారి గిర్రున తిరిగాయి. బరబరమని రాపిడి చప్పుడు, కాలిన ఇనుము వాసన. తెల్ల మీసం ఆయన చెయ్యి కదిలింది, చక్రాల ముందు పట్టాల మీద ఇసుక రాలింది. ముందు పైలట్ వాకీటాకీలో ఏదో అడిగాడు, ఈయన "టాక్తోయ్, టాక్తోయ్" అన్నాడు. వేస్తున్నా, వేస్తున్నా అని. నా చెయ్యి నాకు తెలీకుండానే బ్రేకు చక్రం మీదికి పోయింది. పోయి ఏం చేస్తుందో? ఇంత బండిని ఆ చక్రం పట్టుకుని నేను ఆపుతానా! అయినా పోతుంది. మళ్లీ పట్టు దొరికింది. వేగం పది, పన్నెండు, పదిహేను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని నా వైపు చూసి రెండు కనుబొమలూ ఎగరేశాడు. నేనూ ఎగరేశాను. ఇవాళ్టి మా సంభాషణ అంతే.

మంకీ హిల్ దగ్గర పొగమంచులో ఏమీ కనపడలేదు. 2019 వానల్లో ఇక్కడే కొండ జారి లైను దెబ్బతింటే చాలా రోజులు బళ్లు దారి మళ్లించారు. సొరంగం తర్వాత సొరంగం. లోపలికి పోగానే హోరు నాలుగింతలై పళ్లు జివ్వుమంటాయి. ఈ ఘాట్ లైను 1856లో మొదలుపెట్టి 1863లో తెరిచారు. మందుగుండుతో, మనుషులతో. 1861 నాటికి ఒకేసారి 42,000 మంది దాకా పనిచేశారంటారు. కాంట్రాక్టు తీసుకున్న సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో ఇక్కడికొచ్చిన కొన్నాళ్లకే జబ్బుచేసి చనిపోతే, ఆయన భార్య ఆలిస్ పని ఆపకుండా పూర్తి చేయించింది. ఆమె పేరు ఇప్పటికీ చెప్తారు. ఆ నలభై రెండు వేల మందిలో ఒక్కరి పేరూ ఎవరూ చెప్పరు. కొండ మరీ నిటారుగా ఉన్నచోట అప్పట్లో బండిని ఒక కొసకి తీసుకెళ్లి ఇంజిన్ మార్చి వెనక్కి తిప్పి ఎక్కించేవాళ్లు. 1929లో కొత్త దారి వేశాక ఆ బాధ తప్పింది. ఆ రోజుల్లోనే కరెంటు ఇంజిన్లొచ్చాయి. పొడుగు ముక్కు ఉన్న గూడ్సు ఇంజిన్లని లోకమంతా మొసళ్లంటే, ఇక్కడి సిబ్బంది ఖేకడా అన్నారు, అంటే పీత. పాత డ్రైవర్లు చెప్పగా విన్నాను, నిలబడి ఉన్నప్పుడు కూడా మూలిగేవట.

ఖండాలా వైపు వచ్చినప్పుడల్లా అమృతాంజన్ గుర్తొస్తుంది. ఇక్కడ పాత రోడ్డు మీద బ్రిటిష్ కాలం నాటి వంతెనకి అదే పేరుండేది, అక్కడ ఆ బామ్ ప్రకటన బోర్డు ఉండేది కాబట్టి. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో కూల్చేశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో ఆ కంపెనీ పెట్టింది బొంబాయిలోనే. ఘాట్ ఎక్కి వచ్చాక తలనొప్పికి నేను రాసుకునేదీ అదే. ఇవాళ రెండుసార్లు రాశాను.

లోనావలాలో ఆగాం. కాకా లాంటి ఇంకో కాకా వచ్చి పైపులు విప్పి కొక్కెం లేపాడు. ఇంజిన్లు ఒక అడుగు వెనక్కి తగ్గాయి, అంతవరకూ ఒత్తుకుని ఉన్న నా పెట్టె ఊపిరి వదిలినట్టు కదిలింది. తెల్ల మీసం ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "చలా భావూ" అన్నాడు. వస్తా తమ్ముడూ అని. ఆయన బండి ఇక పుణె పోదు, ఎక్కడికీ పోదు. ఖాళీగా కొండ దిగి కర్జత్‌కి పోయి ఇంకో బండి వెనక నిలబడుతుంది.

సాయంత్రం రన్నింగ్ రూమ్‌లో, అంటే డ్యూటీ దిగినవాళ్లు ఉండే గదిలో, బట్టలు ఆరేసి అమ్మకి ఫోన్ చేశాను. అరకు లైన్లో పనిచేసే మా బ్యాచ్‌మేట్ ఒకడు ఎప్పుడూ అంటాడు, "మీకు ఎక్కడానికి ఏడుపు, మాకు ఖనిజం నింపుకుని సముద్రం వైపు దిగడానికి ఏడుపు" అని. అది చెప్తే అమ్మ నవ్వింది. మాటల్లో మాటగా కర్జత్‌లో బండి ఎందుకాగేదో మొదటిసారి వివరంగా చెప్పాను.

"ఏమంటరన్నవ్ దాన్ని?"

"బ్యాంకర్."

"బ్యాంకోళ్లు ఎనకనుంచి తోస్తరా? మనూళ్లె పెయ్యి మీద పడ్తరు గద."

పోయినేడు ట్రాక్టర్ అప్పు గురించి పెదనాన్న వాళ్లింటికి మనుషులొచ్చిన సంగతి అది. కాదమ్మా, ఈ బ్యాంకు వేరు అన్నాను. కొంచెంసేపు ఏమీ అనలేదు.

"మరి గా వడలకు కాదా ఆగేది?"

"కాదమ్మా."

"గిప్పుడన్న తిన్నవా?"

గూడ్సుని లూప్ లైన్లో పెడతారని, నా పెట్టె ఎక్కడో చివర్న చీకట్లో ఆగుతుందని, వడలమ్మే ప్లాట్‌ఫారం అక్కణ్ణుంచి బాగా దూరమని చెప్పాలి. తిన్నానన్నాను.