పుట్టతేనె పెట్టెలు: మామిడి పూత సీజన్ అప్‌డేట్, మధ్యలో పురుగుమందు గొడవ

పూత అయిపోయి పిందె కట్టింది కాబట్టి తేనెటీగల పెట్టెల పరిస్థితి రాస్తున్నా. నూజివీడు దగ్గర మా తోటలో ఉన్న మూడు పెట్టెల్లో రెండు దిట్టంగా ఉన్నాయి, పడమర గట్టు మీదది మాత్రం బాగా పలచబడింది. ఇవి మన పుట్టతేనె ఈగలే, సెరానా రకం, ఇటాలియన్ ఈగలు కావు.

ఆ పలచబడిన పెట్టె గురించే ఎక్కువ చెప్పాలి. జనవరి చివర్లో పూత విరగబూసి ఉన్నప్పుడు ఒక పొద్దున వెళ్తే ద్వారం ముందు చచ్చిన ఈగలు కుప్పగా ఉన్నాయి, ఇంకొన్ని వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతూ లేవబోయి మళ్లీ పడిపోతున్నాయి. ఒకదాన్ని అరచేతిలో వేసుకుని చూస్తే నాలుక మొత్తం బయటికి చాచి ఉంది, వెనక కాళ్లకి పుప్పొడి ముద్దలు అలాగే ఉన్నాయి, అంటే పాపం పనికెళ్లి తిరిగొచ్చి గుమ్మంలో చచ్చిందన్నమాట. ముందు రోజు పట్టపగలు పక్క తోటలో తేనెమంచు పురుగుకి (మామిడి పూత రసం పీల్చేది) ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టారు.

కొత్తగా పెంచేవాళ్లు మాత్రం ఈగలు తగ్గగానే మందే కారణం అనుకోకండి, ముందు మూత తీసి చూడండి. పిల్ల పురుగులు గదుల్లో తల పైకెత్తి, ఉబ్బి, నీరు పట్టి చచ్చుంటే అది థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్, 1990ల మొదట్లో దక్షిణాదిలో పుట్టతేనె పెట్టెలు విపరీతంగా ఖాళీ అయింది దాని వల్లే. తేనెపట్టంతా దారాలు అల్లుకుని ఉంటే పట్టుని తినేసే మైనపు పురుగు. తేనె చుక్క లేక ఈగలు ఖాళీ గదుల్లో తల దూర్చి చచ్చుంటే ఆకలి. నా పెట్టెలో పిల్లలు బాగున్నాయి, తేనె ఉంది, పోయినవన్నీ మేతకెళ్లే పెద్ద ఈగలే.

పురుగుమందుల కంపెనీల వైపు వాళ్లు ఎప్పుడూ చెప్పేది ఈగలు తగ్గడానికి అసలు కారణం వాటి ఒంటికి పట్టే వర్రోవా పేను, రోగాలు అని. అమెరికాలో 2006లో పెట్టెలు ఉన్నట్టుండి ఖాళీ అవడం మొదలైనప్పటి నుంచీ ఇదే వాదన, అక్కడి ఈగలకి అందులో నిజం కూడా ఉంది. కానీ ఆ పేను మన పుట్టతేనె ఈగకి కొత్త కాదు, ఒంటి మీద ఎక్కితే కొరికి దులిపేసుకుంటాయి, ఒకదానికొకటి సాయం కూడా పడతాయి, కాబట్టి ఆ సమాధానం తెచ్చి మన పెట్టెలకి అంటిస్తే నేను ఒప్పుకోను. యూరప్ వాళ్లు 2013లో ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ అనే ఒకే జాతి పురుగుమందులు మూడింటి మీద ఆంక్షలు పెట్టి 2018లో ఆరుబయట పొలాల్లో వాడకమే ఆపేశారు. మన కేంద్రం 2020లో 27 మందుల నిషేధానికి డ్రాఫ్ట్ తెచ్చింది కానీ ఆ లిస్టులో ఈ మూడూ లేవు. ఇవి చెట్టు రసంలో కలిసి పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా వచ్చేస్తాయి, అదే అసలు భయం. విరిసిన పూత మీద వీటిని కొట్టకుండా చట్టమే ఆపాలి, నా మాట ఇదే.

పక్క తోట బాబాయ్‌తో మాట్లాడితే "పూతంతా మాడిపోతుంటే నీ ఈగల కోసం ఆగమంటావేంట్రా" అన్నాడు. ఆయన బాధా నిజమే, తేనెమంచు పట్టిందంటే పూత మసిబారి రాలిపోతుంది. పైగా మా వైపు చాలా తోటలు పూత మీదే గుత్తకి పోతాయి, మందు ఎప్పుడు కొట్టాలో చెప్పేది వేరే ఊళ్లో ఉండే గుత్తదారు. అందుకే గుత్తదారు నంబర్ తీసుకుని ఆయనతోనే మాట్లాడా, రెండోసారి కొట్టేముందు రోజు ఫోన్ చేశాడు, సాయంత్రం ఈగలు గూటికి చేరాకే కొట్టించాడు.

ఆ కబురు రాగానే చీకటి పడ్డాక ద్వారాలకి సన్న జాలీ కొట్టి, పట్లు ఉండే ఫ్రేములు కదలకుండా బిగించి, పెట్టెలపైన తడి గోనె కప్పి ఆటోలో నాలుగైదు కిలోమీటర్ల అవతల చుట్టాల కొబ్బరి తోటలో దింపా. దగ్గర్లో పెడితే పాత చోటికే వెళ్లిపోతాయి, కాబట్టి దూరం ముఖ్యం. జాలీ తెల్లారకముందే తీసేయాలి, ఎండెక్కాక మూసి ఉంచితే లోపల ఉడికి చస్తాయి. స్టాండు కాళ్లకి చీమలెక్కకుండా నీళ్ల గిన్నెలు అక్కడా పెట్టాల్సిందే. పూత రాలేదాకా అక్కడే ఉంచా, ఈసారి ద్వారాల ముందు కుప్పలు లేవు.

ఇప్పుడు మూడూ మళ్లీ మా తోటలోనే ఉన్నాయి. పలచబడ్డ పెట్టెలో రాణి గుడ్లు పెడుతోంది, కాకపోతే మేతకెళ్లేవి తక్కువ కాబట్టి పంచదార, నీళ్లు సమంగా కలిపి సాయంత్రం పూట పాకం పెడుతున్నా, పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. ఖాళీ పట్లు తీసేసి గూడు కుదించా, లేకపోతే మైనపు పురుగు పట్టేస్తుంది. వేప పూత మొదలైంది, తర్వాత కానుగ ఉంది, అప్పటికి కోలుకోకపోతే గట్టి పెట్టె నుంచి, గదులకి మైనం మూత పడి త్వరలో ఈగలయ్యే పిల్లలున్న ఫ్రేము ఒకటి ఇస్తా. డిసెంబర్‌లో తోటలు బేరం కుదిరేటప్పుడే గుత్తదారులందరినీ కలవాలి, మందు కొట్టాల్సి వస్తే పూమొగ్గ మీదే కొట్టి పూలు విచ్చాక ఆపమని అడుగుతా.