అక్కడేముంది అనేవాళ్లకు

మా బంధువుల్లో ఎవరి పిల్లలకైనా డిగ్రీ అయిపోతే చాలు, పీజీ ఎక్కడ అన్న చర్చ మొదలవుతుంది. ఒకరు తిరుపతి అంటారు, ఒకరు హైదరాబాద్ అంటారు, ఇంకొకరు బెంగళూరు అంటారు. కడప పేరెత్తితే మాత్రం "అక్కడేముందిలే" అని తేల్చేస్తారు. మొన్న మా చిన్నాయన కూతురి విషయంలోనూ అదే మాట. నేను యోగి వేమన యూనివర్సిటీలో ఎమ్మే తెలుగు చదివాను. ఇప్పుడు మైదుకూరు దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. అక్కడేముందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

కడప దాటి పులివెందుల రోడ్డులో పోతే వస్తుంది క్యాంపస్. 1977లో ఎస్వీ యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై, 2006లో సొంతంగా యూనివర్సిటీ అయింది. వయసులో చిన్నదే. బిల్డింగులు, ర్యాంకులు, సీట్ల సంగతి ఎవరైనా చెబుతారు. నాకు ముఖ్యమైంది వేరే ఉంది. మా ఊళ్లు, మా మనుషులు కూడా కూర్చుని చదువుకోదగ్గ విషయాలేనని నాకు మొదట చూపించింది ఆ యూనివర్సిటీ. అంతవరకూ నేను చదివిన ఏ చరిత్ర పుస్తకంలోనూ మా తాలూకా పేరు కనబడలేదు. పేపర్లో మా జిల్లా పేరు వస్తే కరువు గురించో, ఫ్యాక్షన్ గురించో. వాటి మధ్యే పెరిగినదానికి, మన దగ్గర చదవడానికేముంది అనిపించడం సహజమే.

మొదటి ఏడాదిలో మా సార్ మమ్మల్ని కడప ఊళ్లోనే ఉన్న ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లారు. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అంటే అదే, యూనివర్సిటీలో భాగం. అక్కడ మెకంజీ కైఫియత్తుల సంపుటాలు చూశాను. 1800లో దత్తమండలాలు, అంటే ఈ రాయలసీమ ప్రాంతం, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, కాలిన్ మెకంజీ అనే సర్వేయర్ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న కవిలెలు, అంటే పాత లెక్కల పుస్తకాలు చూసి, పెద్దవాళ్లను అడిగి రాయించిన వివరాలవి. ఊరు ఎవరు కట్టారు, గుడికి ఎవరు ఏం రాసిచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాళెగాడు ఎంతకాలం ఏలాడు, అన్నీ ఉంటాయి. కడప జిల్లా కైఫియత్తులను ఆ కేంద్రమే అచ్చువేసింది.

మా ఊరి పేరు వెతికాను. దొరికింది. పెద్ద వివరమేమీ కాదు, కొన్ని వాక్యాలే. కానీ మా చెరువు పేరుంది, తూము కాసే నీరుగంటికి ఇచ్చిన మాన్యం సంగతి ఉంది. ఆ మాన్యం చేను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తాం, ఎందుకలా అంటామో నా తరంలో ఎవరికీ తెలీదు. అది జెరాక్సు తీయించుకుని ఇంటికి తెచ్చి మా జేజికి చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. మొత్తం విని, "మేం చెప్పేదే కదా ఇది, ఎవరు రాసినారు?" అంది. రెండు వందల ఏళ్ల కిందట అన్నాను. చాలాసేపు అదే అడుగుతూ కూర్చుంది, ఇంకా ఏం రాసినారు, ఇంకా ఏం రాసినారు అని.

బ్రౌన్ సంగతి తెలుగు చదివినవాళ్లకు కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ఇంగ్లిష్ దొర, 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా, తోట కొని, పండితులను పెట్టుకుని, వాళ్లకు తన జీతంలోంచి జీతాలిచ్చి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి సరిచూయించాడు. పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలను ఏరి 1829లో అచ్చువేయించాడు. 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు. నాకు ఇంతకన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాతి కథ. బ్రౌన్ బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలితే, ఆ చోట గ్రంథాలయం లేవాలని పట్టుబట్టినాయన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. స్థలం దానంగా వచ్చింది. 1987లో పునాదిరాయి పడింది. డబ్బు కోసం ఆయన తిరగని గడప లేదని కడపలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇళ్లలో ఉన్న పుస్తకాలు, తాళపత్రాలు జనమే తెచ్చి ఇచ్చారు. అలా తయారైన గ్రంథాలయం తర్వాత యూనివర్సిటీ చేతికి వచ్చింది. ఏ రాజో, ఏ కోటీశ్వరుడో కట్టించింది కాదు. ఊరు కట్టుకున్నది. మా యూనివర్సిటీ అని నేను గట్టిగా అనగలిగేది అందుకే.

తాళపత్రం చదవడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. గంటంతో గీసిన అక్షరం, మసి పట్టిస్తే గానీ పైకి తేలదు. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. పాదం ఎక్కడ విరిగిందో గుర్తు ఉండదు. రకారానికి గుర్తుగా వేసే వలపలగిలకలు అడుగడుగునా. సార్ ఒక్కో ఆకు మా ముందు పెట్టి, ఒక్క పంక్తి చదవండి చాలు అన్నారు. అందరం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాం. మాలో చక్రాయపేట వైపు నుంచి వచ్చిన అబ్బాయి ఒకడున్నాడు, వాళ్ల నాయన గొర్రెలు మేపుతాడు. అతను కూడబలుకుతూనే ఉన్నట్టుండి రాగం అందుకున్నాడు. ఆ పద్యం వాళ్ల నాయన మంద వెనక పాడుకునేదట. పాట వచ్చాక ఇక అక్షరాలు వాటంతటవే విడిపోయాయి, పాదాలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాయి. సార్ అతన్ని మళ్లీ పాడమన్నారు, ఈసారి మేం ఆకు మీద వేలు జరుపుతూ చదివాం. ఆ పద్యం ఇప్పుడు నా స్కూలు పిల్లలకు కూడా పాడే నేర్పుతాను.

మా క్లాసులో చాలామంది అలాంటి ఇళ్లనుంచి వచ్చినవాళ్లే. చెనిక్కాయలు పెరికే సీజన్ వస్తే కొందరు వారం పదిరోజులు కనబడేవాళ్లు కాదు. తిరిగొచ్చేసరికి వాళ్ల నోట్సు ఎవరో ఒకరు రాసిపెట్టి ఉంచేవాళ్లం, మా మేడమ్ ఒకరు సాయంత్రం కూర్చోబెట్టి పోయిన పాఠం మళ్లీ చెప్పేవారు. ఎందుకు రాలేదని అడిగింది లేదు, పంట ఎలా వచ్చిందని అడిగేవారు. ఇంటినుంచి వచ్చేవాళ్లు ఊరిబిండి డబ్బాలు తెచ్చేవాళ్లు, హాస్టల్లో ఆ పూట అందరిదీ అదే కూర.

బాటనీ వాళ్లతో కూడా మాకు స్నేహముండేది. వాళ్లు శేషాచలం, లంకమల కొండలు తిరిగి మొక్కలు తెచ్చి క్యాంపస్‌లో పెంచుతారు. ఎర్రచందనం అంటే స్మగ్లింగ్ వార్తే తెలిసిన నాకు, అది మన కొండల చెట్టని, ప్రపంచంలో ఇంకెక్కడా దానంతటది పెరగదని చెప్పింది అక్కడి ఒక అక్క. కథలు రాసే కేతు విశ్వనాథరెడ్డిగారు పీహెచ్‌డీకి కడప జిల్లా ఊర్ల పేర్లనే తీసుకున్నారని విన్నప్పుడు ఎలా అనిపించిందో, అప్పుడూ అలాగే అనిపించింది. మన చుట్టూ ఉన్నదాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకునేవాళ్లు మన మధ్యే ఉన్నారు.

చిన్నాయన కూతురు ఎక్కడ చేరుతుందో తన ఇష్టం. చేరేముందు ఒక పూట ఎర్రముక్కపల్లె తీసుకెళ్తానని చెప్పాను, వస్తానంది. ఇది చదువుతున్న కడప, అనంతపురం, కర్నూలు వాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో అటక మీద తాళపత్రాలు గానీ, తాతలనాటి కరణం లెక్కలు గానీ, పాత పత్రికలు గానీ ఉంటే చెదలకు వదిలేయకండి, కొత్త ఇల్లు కట్టేటప్పుడు పాత సామానుతో అమ్మేయకండి. బ్రౌన్ కేంద్రానికి తీసుకెళ్లి ఇవ్వండి. అక్కడ వాటిని చదివేవాళ్లున్నారు.