పాప నా ముఖంలో వెతికింది

2022 మే నెల. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో ఉన్న పుట్టింట్లో నేను పచ్చి బాలింతను. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల తలుపులు బిగించి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి కూర్చోబెట్టారు. రోజూ వెల్లుల్లి కారంతో అన్నం. పాపకు స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, పెద్దమ్మ నా ఒళ్లో పెట్టేది. "చూడు తల్లీ, అచ్చం నీ పోలికే" అనేది. నేను చూసేదాన్ని. ఎవరి బిడ్డనో కాసేపు పట్టుకోమని ఇచ్చినట్టు ఉండేది.

మొదటి వారం ఊరికే ఏడుపు వచ్చేది. కాన్పు కాగానే ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. నిద్ర ఉండదు. చాలామంది బాలింతలకు ఆ దిగులు రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. నాకు పోలేదు. రెండో నెలకు ఏడుపు మాత్రం ఆగింది, అందుకే నయమైందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. నిజానికి అప్పటికి ఏడవడానికి కూడా నాలో ఓపిక మిగల్లేదు.

పాలివ్వడం, గుడ్డలు మార్చడం, అన్నీ వేళకు చేశాను. పాపతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. అది నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. అమ్మను తప్పుపట్టను, తనకు తెలిసిన పేరు అదొక్కటే. నేనేం తినాలో, ఏం తినకూడదో వీధిలో అందరికీ తెలుసు. నిద్ర పడుతోందా అని ఒక్కరూ అడగలేదు. టీకా కోసం వెళ్లినప్పుడు ఆసుపత్రిలో నేనే చెబితే, "బిడ్డ ముఖం చూస్తే అన్నీ మరిచిపోతావులే" అన్నారు. బిడ్డ ముఖం చూసినప్పుడే నాకు ఎక్కువ భయం వేసేది.

ఒక మధ్యాహ్నం పాప నా కళ్లలోకి చూసి "ఉంగా" అంది. నేను పలకలేదు. మళ్లీ అంది. బోసినోటితో నవ్వింది, కాళ్లు ఆడించింది. నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పేసుకుని ఫ్యాను వైపు చూడసాగింది. పోనుపోను నా దగ్గర ఉంగాలు మానేసింది. మా అమ్మ ఎత్తుకుంటే మాత్రం పలికేది.

పద్నాలుగు వారాల టీకాకు వెళ్లినప్పుడు అక్కడున్న ఒక డాక్టరమ్మ ఆ తల తిప్పుకోవడాన్ని గమనించారు. నన్ను కూర్చోబెట్టి పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఎడిన్‌బరో స్కేలు అంటారు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను (తీవ్రమైన కుంగుబాటును) గుర్తించడానికి 1987 నుంచి వాడుకలో ఉంది. మొత్తం 30 మార్కులకు నాకు 19 వచ్చాయి. 13 వచ్చినా గట్టిగా పట్టించుకోవాలట. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనల గురించి. నేను లేకపోతేనే పాపకు మేలని కొన్ని రాత్రులు అనిపించిందని మొదటిసారి పైకి చెప్పాను. ఆవిడ కంగారుపడలేదు, కోప్పడలేదు. మా ఆయనను లోపలికి పిలిచి, కొన్ని వారాలు నన్ను ఒంటరిగా వదలవద్దని చెప్పి, మానసిక వైద్యుల దగ్గరకు పంపారు. మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ 14416 నంబరు అప్పటికి ఇంకా మొదలుకాలేదు, ఆ అక్టోబరులో వచ్చింది. రాత్రివేళ ఇలాంటి ఆలోచన వచ్చిన ప్రతి తల్లి దగ్గరా ఆ నంబరు ఉండాలి.

మానసిక వైద్యుడు ముందు థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. దిగులుకు సెర్ట్రలిన్. పాలిచ్చే తల్లికి మందులా అని అమ్మ హడలిపోయింది. పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తుందని డాక్టరు ఓపికగా చెప్పారు. దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో నూటికి సుమారు 22 మంది తల్లులకు ఈ జబ్బు కనిపించిందని కూడా ఆయనే చెప్పారు. మా వీధిలోని బాలింతలందరూ గుర్తొచ్చారు నాకు.

నేను అడిగింది పాప గురించే. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1970లలో చేసిన ప్రయోగం గురించి చెప్పారు. తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే, పసిబిడ్డ నవ్వించాలని చూస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. వింటుంటే కన్నీళ్లు ఆగలేదు. చాలా రోజుల తర్వాత ఏడ్చాను. జబ్బు నెలల తరబడి ముదిరితే పిల్లల మాట, నిద్ర, ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉందని దాచకుండా చెప్పారు. ఇంట్లో బిడ్డకు బదులు పలికే మనిషి ఇంకొకరుంటే ఆ ప్రమాదం తగ్గుతుందన్నారు. అమ్మ, పెద్దమ్మ పొద్దస్తమానం దానితో చెప్పిన కబుర్ల విలువ నాకప్పుడు తెలిసింది.

రాత్రి పాలు తాగించాక పాపను మా ఆయన ఎత్తుకునేవారు, నేను నాలుగు గంటలైనా ఏకధాటిగా పడుకోవాలని. నాలుగో వారానికి నిద్ర కుదిరింది. రోజూ పది నిమిషాలు పాప ఏ శబ్దం చేస్తే అదే తిరిగి చేయమన్నారు డాక్టరు. నటనలా ఉందని చెప్పుకున్నాను. "ఉండనివ్వమ్మా, పాపకు జవాబు అందితే చాలు" అన్నారు. పాప మొదట నమ్మలేదు. ఫ్యాను వైపే చూసేది.

అక్టోబరు చివర్లో ఒక ఉదయం సాంబ్రాణి పొగ ముక్కులోకి వెళ్లి నేను గట్టిగా తుమ్మాను. పాప ఉలిక్కిపడి, నా ముఖంలోకి చూసి, కిలకిలా నవ్వింది. నేనూ నవ్వాను. ఈసారి కావాలనే తుమ్మాను. మళ్లీ నవ్వింది. పెద్దమ్మ నిప్పుల గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ వారం డాక్టరు మళ్లీ అదే కాగితం ఇచ్చారు. మొదటి ప్రశ్న నవ్వగలుగుతున్నారా అని. పెన్ను పక్కన పెట్టి, ఆ తుమ్ము సంగతి మొదటి నుంచి చెప్పాను.