ఈ పూట నీళ్ళు వద్దు

పొద్దున్న లేచి చూసేసరికి టమాటా మొలకల ఆకుల కొసలకి ఒక్కో నీటి బొట్టు. మంచు కాదు. రాత్రిపూట ఆకుల నుంచి ఆవిరి పెద్దగా పోదు, వేళ్ళు మాత్రం నీళ్ళు పైకి తోస్తూనే ఉంటాయి. ఎక్కువైనది ఆకు అంచుల్లోంచి ఇలా బయటికొస్తుంది. ట్రేలో తడి చాలినంత ఉందన్నమాట. కానీ పైన కోకోపీట్ (మట్టికి బదులు వాడే కొబ్బరి పీచు పొట్టు) మాత్రం ఎండి లేత రంగుకి తిరిగింది. అది చూస్తే ఎవరి చెయ్యైనా చెంబు మీదకే పోతుంది.

పైపొరని నమ్మడానికి లేదు. అది గాలికి గంటల్లో ఆరిపోతుంది, కింద అంగుళం లోతున తడి అలాగే ఉంటుంది. పెద్ద కుండీ అయితే వేలు గుచ్చి చూడొచ్చు. మొలకల గుంతల్లో వేలు పెడితే లేత వేళ్ళు తెగుతాయి. అందుకే ట్రేని ఒక మూల పట్టుకుని కాస్త ఎత్తి చూస్తాను. లీటరు నీళ్ళంటే కిలో బరువు. రోజుల తేడాలో మట్టి బరువు మారదు, మొక్క బరువూ పెద్దగా మారదు, మారేది నీళ్ళదే. నిండా తడిపి, అడుగు నుంచి కారడం ఆగాక ఒకసారి ఎత్తి ఆ బరువు చేతికి గుర్తుంచుకుంటే చాలు. తడి చూపించే మీటర్లు దొరుకుతాయి గానీ, చవకరకం వాటిలో చాలావాటికి ఎరువుల్లోని లవణాలు ఎక్కువగా ఉన్నా ముల్లు కదులుతుంది. నాకు చెయ్యే నయం.

మొలకలకి నీళ్ళు తక్కువైతే ఒక్క మధ్యాహ్నంలో వాడిపోతాయి, వేళ్ళు ఇంకా లోతుకి దిగలేదు కదా. ఎక్కువైతే నారుకుళ్ళు. కాడ మట్టిని ఆనుకున్న చోట నీరుపట్టినట్టయి, దారమంత సన్నబడి, పైన ఆకులు పచ్చగా ఉండగానే పక్కకి ఒరిగిపోతుంది. పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు చేసే పని అది. ఒరిగాక ఇక లేవదు. అందుకని ట్రేకి అడుగు నుంచే నీళ్ళు పెడతాను: వెడల్పాటి పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి అందులో ఉంచి, పైన రంగు ముదరగానే తీసేస్తాను. కాడల దగ్గర తడి నిలవదు.

మధ్యాహ్నం ఎండకి కుండీల్లో మిరప మొక్కలు తలలు వాల్చేశాయి. అక్క చూసి, "చచ్చిపోయేలా ఉన్నాయిరా, కాసిని నీళ్ళు పొయ్యి" అంది. వేలు గుచ్చి చూస్తే లోపల చల్లగా తగిలింది, మట్టి అంటుకుని వచ్చింది. "సాయంత్రం దాకా ఆగక్కా" అన్నాను. ఆకులు నీటిని పోగొట్టుకునే వేగాన్ని వేళ్ళు అందుకోలేక వాలడమే తప్ప నీళ్ళు లేక కాదు. పొద్దువాలేసరికి అన్నీ నిటారుగా నిలబడ్డాయి. తెల్లవారాక కూడా వాలే ఉండి, కుండీ తేలిగ్గా ఉంటే అప్పుడు పొయ్యాలి. వాలి ఉండి, కుండీ బరువుగా ఉంటే మాత్రం ఇంకో చుక్క పొయ్యకూడదు, గాలి ఆడక వేళ్ళు కుళ్ళుతున్నాయన్నమాట. చూపులకి రెండూ ఒకేలా ఉంటాయి, మందు మాత్రం తలకిందులు. ఎక్కువ కుండీలు పోయేది ఇక్కడే అని నా నమ్మకం.

"అయితే మిరపకి ఎన్ని రోజులకోసారో చెప్పు" అంది అక్క. మొక్క పేరు చెబితే లెక్క వచ్చేది కాదు. 1912లో బ్రిగ్స్, షాంట్జ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు రకరకాల మొక్కలు ఎంత తడి దగ్గర తేరుకోలేనంతగా వాడిపోతాయో కొలిచారు. ఒకే మట్టిలో మొక్కకీ మొక్కకీ తేడా కొద్దిగానే వచ్చింది, మట్టి మారితే మాత్రం లెక్క ఎంతో మారిపోయింది. బంకమట్టిలో ఇంకా తడి ఉండగానే మొక్క వాడుతుంది, ఇసుకలో దాదాపు అంతా పీల్చేశాకే. దానికి తోడు కాల్చిన మట్టికుండీ గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది, ప్లాస్టిక్‌ది ఆరదు. ఇక ఎండ, గాలి, వేళ్ళు ఎంత నిండాయన్నది సరేసరి. ఇదంతా చెప్పేలోపే అక్క లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం చూసుకుంటే నిజంగా ఎండింది మనీ ప్లాంటు. కుండీ గాజు గ్లాసంత తేలిక. మట్టి ముడుచుకుని గోడకీ దానికీ మధ్య సందు పడింది. ఇలాంటిదానికి పైనుంచి పోస్తే నీళ్ళు ఆ సందులోంచి జారి క్షణంలో అడుగున ప్లేటులోకి వస్తాయి. కారింది కదా, నిండింది అనుకుంటాం. లోపలి ముద్ద పొడిగానే ఉంటుంది. టబ్బులో నీళ్ళు పట్టి కుండీని అంచుదాకా ముంచి పెడితే చాలాసేపు బుడగలు వచ్చాయి. అవి ఆగాక తీసి, నీళ్ళు కారనిచ్చి, మట్టిని గోడ వైపుకి వేళ్ళతో నొక్కి సందు పూడ్చాను. ఈసారి రెండు చేతులతో ఎత్తాల్సొచ్చింది. దీనికి ఇక కొన్నాళ్ళ దాకా దిగుల్లేదు. పక్కన పీస్ లిల్లీ కుండీ మాత్రం సగం బరువుకి వచ్చింది, అది రేపు చూడాలి.