కాన్సస్ సిటీలో మోనార్క్స్ జాడలు

అమెరికాలో బేస్‌బాల్ చరిత్ర చూడాలంటే కూపర్స్‌టౌన్ వెళ్లమంటారు అందరూ. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. బేబ్ రూత్ మొదలుకుని మహామహుల కంచు ఫలకాలన్నీ అక్కడే ఉన్నాయి. నేను మాత్రం ముందు మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీకి, నల్లజాతి ఆటగాళ్ల మోనార్క్స్ జట్టు ఊరికి, వెళ్లమంటాను. ఆ ఆటలో ఎవరిని ఆడనిచ్చారో, ఎవరిని గేటు బయటే ఆపేశారో తెలియకుండా రికార్డులు చదివితే సగం చరిత్రే చదివినట్టు.

అక్కావాళ్లు కాన్సస్ సిటీ పక్కనే ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంటారు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. మేనల్లుడు అక్కడి పిల్లల లీగ్‌లో బేస్‌బాల్ ఆడతాడు. "మామయ్యా, ముందు మ్యూజియం చూద్దాం, మ్యాచ్‌కి తర్వాత వెళ్దాం" అని ప్లాన్ వేసింది వాడే. బావ కారు తీశాడు. అరగంటలో పద్దెనిమిదో వీధి, వైన్ వీధి కలిసే చోట దిగాం. ఒకప్పుడు ఈ ఊళ్లోని నల్లజాతివాళ్ల బజారు, క్లబ్బులు, సంగీతం అన్నీ ఇక్కడే. జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ పెరిగింది కూడా ఈ ఊళ్లోనే. నీగ్రో లీగ్స్ అంటే పెద్ద లీగుల్లోకి రానివ్వని నల్లజాతి ఆటగాళ్లు ఆడిన లీగులు. నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం, జాజ్ మ్యూజియం రెండూ ఒకే భవనంలో ఉన్నాయి.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురయ్యేది కోళ్ల ఫారాల్లో కట్టే ఇనుప జాలీ. దాని అవతల చిన్న బేస్‌బాల్ మైదానం, అందులో ఆ లీగుల మేటి ఆటగాళ్ల నిలువెత్తు కంచు విగ్రహాలు. బంతి విసరబోతున్న సాచెల్ పేజ్, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక బంతి పట్టడానికి కూర్చున్న క్యాచర్ జాష్ గిబ్సన్, దూరంగా కూల్ పాపా బెల్, ఆస్కార్ చార్ల్‌స్టన్ కనిపిస్తారు. చూడొచ్చు కానీ అటు వెళ్లడానికి దారి లేదు. చరిత్ర మొత్తం చదువుకుంటూ చుట్టూ తిరిగొస్తే, చివర్లో ఆ మైదానంలోకి దారి తెరుచుకుంటుంది. ఇంత ఆలోచించి కట్టిన మ్యూజియం నేను ఇంకోటి చూడలేదు.

ఆ చరిత్ర ఇదీ. బేస్‌బాల్‌లో ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చిన మొదటి జట్టు 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. మొదట్లో నల్లవాళ్లు కూడా అక్కడక్కడా ఆడారు. 1884లో టొలీడో జట్టుకి మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ క్యాచర్‌గా ఉన్నాడు. తర్వాత యజమానులు తమలో తాము మాట్లాడుకుని తలుపులు మూసేశారు. పెద్ద లీగుల (మేజర్ లీగుల) నిబంధనల్లో ఎక్కడా రాయలేదు. రాయకుండానే అరవై ఏళ్లకు పైగా అమలు చేశారు.

మ్యూజియం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో పాసియో వీధిలో పాత వైఎంసీఏ భవనం ఉంది. 1920 ఫిబ్రవరి 13న రూబ్ ఫాస్టర్ తోటి జట్ల యజమానులను ఇక్కడ కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టించాడు. ఆయన స్వయంగా గొప్ప పిచర్ (బంతి విసిరే ఆటగాడు), షికాగో అమెరికన్ జెయింట్స్ జట్టుకి యజమాని, మేనేజర్ కూడా. మమ్మల్ని రానివ్వకపోతే మా లీగ్ మేమే నడుపుకుంటాం అన్న మనిషి. ఎర్ర ఇటుకల ఆ గోడ ముందు నాకు చాలాసేపు కదలబుద్ధి కాలేదు. 2018లో ఎవరో దుండగులు లోపల నీళ్ల పైపు కోసేస్తే భవనం బాగా పాడైంది. అలాంటి చోట అలాంటి పని చేయడానికి చేతులెలా వచ్చాయో!

ఆ లీగ్‌లో ఈ ఊరి జట్టు కాన్సస్ సిటీ మోనార్క్స్. ఆదివారం మ్యాచ్ ఉంటే జనం అందుకోవాలని చర్చిలో ప్రార్థన గంట ముందే పెట్టేవారట. జట్టు యజమాని జె.ఎల్. విల్కిన్సన్ తెల్లవాడు. 1930లో ఆయన ట్రక్కుల మీద ఫ్లడ్‌లైట్ల స్తంభాలు, పెద్ద జనరేటర్ ఎక్కించి ఊరూరా తిప్పాడు. పగలంతా పనిచేసుకునే జనం రాత్రిపూట మ్యాచ్ చూడగలిగారు. పెద్ద లీగుల్లో మొదటి రాత్రి మ్యాచ్ జరిగింది 1935లో. ఐదేళ్లు వెనకబడింది ఎవరో చూడండి!

ఆటగాళ్ల బతుకంతా బస్సులోనే. చాలా ఊళ్లలో హోటల్లో గది ఇవ్వరు, తిండి కావాలంటే వెనక తలుపు దగ్గరికి రమ్మంటారు. మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మోనార్క్స్‌లో ఫస్ట్ బేస్ ఆడి, తర్వాత మేనేజర్ అయిన బక్ ఓనీల్ ఒక సంగతి చెప్పేవాడు. ఓక్లహోమాలో ఎప్పుడూ ఆగే పెట్రోల్ బంకు ఒకటి ఉండేది. 1945లో జట్టులోకి కొత్తగా వచ్చిన జాకీ రాబిన్సన్ అక్కడ బాత్‌రూమ్ వైపు వెళ్తుంటే యజమాని అడ్డుపడ్డాడు. అయితే నీ పైపు మా ట్యాంకులోంచి తీసెయ్ అన్నాడు రాబిన్సన్. బస్సు ట్యాంకులు నిండితే పెద్ద బేరం మరి. యజమాని దిగొచ్చాడు. ఆ తర్వాత బాత్‌రూమ్‌లోకి రానివ్వని చోట జట్టు పెట్రోలు కొట్టించుకోలేదు.

ఆ ఏడాదే పెద్ద లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ బాస్ బ్రాంచ్ రికీ రాబిన్సన్‌ని తీసుకెళ్లాడు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. 1997లో అన్ని జట్లూ ఆయన వేసుకున్న 42వ నంబరును ఇక కొత్తగా ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశాయి. ఇంతవరకు అందరూ చెప్పే కథే. రికీ మోనార్క్స్‌కి ఒక్క డాలర్ కూడా ఇవ్వలేదన్నది మాత్రం తక్కువమంది చెబుతారు. నీగ్రో లీగ్ జట్టు న్యూవార్క్ ఈగిల్స్ యజమానురాలు ఎఫా మ్యాన్లీ మాత్రం ఊరుకోలేదు. తన ఆటగాడు లారీ డోబీని పెద్ద లీగ్ జట్టు క్లీవ్‌లాండ్ తీసుకెళ్లినప్పుడు పట్టుబట్టి డబ్బు కట్టించుకుంది. మంచి ఆటగాళ్లు పోయారు, వాళ్ల వెనకే ప్రేక్షకులూ పోయారు. 1948తో నీగ్రో నేషనల్ లీగ్ మూతపడింది. నిజానికి రూబ్ ఫాస్టర్ పెట్టిన లీగ్ 1931లోనే ఆగిపోతే, ఇది అదే పేరుతో మళ్లీ నిలబెట్టుకున్నది. గెలుపుకి ఇంత ఖరీదు ఉంటుందని ఆ మ్యూజియంలో నిలబడ్డాకే నాకు తెలిసింది.

జాష్ గిబ్సన్ ఆ గెలుపూ చూడలేదు. రాబిన్సన్ ఆడటానికి మూడు నెలల ముందు, 1947 జనవరి 20న, 35 ఏళ్ల వయసులో పోయాడు. 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నీగ్రో లీగులూ పెద్ద లీగులేనని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020 డిసెంబర్‌లో ఒప్పుకుంది. 2024 మేలో ఆ లెక్కలు రికార్డుల్లో కలిపారు. బ్యాటింగ్ యావరేజ్‌లో, అంటే బ్యాటింగ్‌కి దిగినన్నిసార్లలో ఎన్ని హిట్లు కొట్టాడన్న లెక్కలో, టై కాబ్ 0.367తో అంతకాలం మొదటి స్థానంలో ఉన్నాడు. ఇప్పుడు 0.372తో గిబ్సన్ వచ్చాడు. పాత పత్రికల్లోంచి ఒక్కో మ్యాచ్ స్కోరూ ఏరి తెచ్చిన పరిశోధకుల పుణ్యం అది. దీన్ని గిబ్సన్‌కి దక్కిన గౌరవం అనడం నాకు ఒప్పదు. ఆయన బాకీ ఆలస్యంగా తీర్చారు, అంతే.

ఈ మ్యూజియం 1990లో ఒక చిన్న గదిలో మొదలైంది. బక్ ఓనీల్, తోటి పాత ఆటగాళ్లు వంతులేసుకుని ఆ గది అద్దె కట్టారు. 1962లో ఓనీల్ షికాగో కబ్స్‌కి కోచ్ అయ్యాడు, పెద్ద లీగుల్లో మొదటి నల్లజాతి కోచ్. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్ ఈ లీగులకు చెందిన 17 మందిని ఎంచుకుంది. వాళ్లలో ఎఫా మ్యాన్లీ ఉంది, ఓనీల్ పేరు లేదు. అయినా 94 ఏళ్ల వయసులో కూపర్స్‌టౌన్ వెళ్లి, బతికి లేని ఆ 17 మంది తరఫున మాట్లాడి, అందరి చేతులూ కలిపించి పాట పాడించాడు. ఆ అక్టోబర్‌లోనే పోయాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన్ని 2022లో చేర్చారు. ఎంపిక చేసినవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అక్కడి నుంచి పాత మునిసిపల్ స్టేడియం ఉన్న చోటికి వెళ్లాం. స్టేడియాన్ని 1976లో కూల్చేశారు, ఇప్పుడు ఇళ్లున్నాయి. 1965లో సాచెల్ పేజ్ 59 ఏళ్ల వయసులో అప్పటి ఈ ఊరి పెద్ద లీగ్ జట్టు అథ్లెటిక్స్ తరఫున ఇక్కడే బంతి విసిరాడు. ఆయన కోసం ఊగే కుర్చీ వేయించి, పక్కన నర్సును కూడా కూర్చోబెట్టాడు జట్టు యజమాని. పేజ్ మాత్రం మూడు ఇన్నింగ్స్ వేసి, బోస్టన్‌కి ఒక్క హిట్టే ఇచ్చాడు. పరుగు ఇవ్వలేదు. మావాడు ఫుట్‌పాత్ మీదే చెయ్యి తిప్పి ఆ విసురు చేసి చూపించాడు.

సాయంత్రం కాఫ్‌మన్ స్టేడియంలో ఈ ఊరి ఇప్పటి పెద్ద లీగ్ జట్టు రాయల్స్ మ్యాచ్. హోమ్ ప్లేట్ వెనక, నీలం సీట్ల మధ్య ఒకే ఒక్క ఎర్ర సీటు ఉంది. బక్ ఓనీల్ పేరు మీద ప్రతి హోమ్ మ్యాచ్‌కీ ఊరికి మంచి చేసిన ఎవరో ఒకరిని అందులో కూర్చోబెడతారు. 2007 నుంచి ఇదే పద్ధతి. "మామయ్యా, పేజ్ తెల్లవాళ్ల మీద ఆడితే ఎలా ఉండేది?" అన్నాడు మావాడు. ఆడాడని చెప్పాను. సీజన్ అయిపోయాక ఊళ్లు తిరుగుతూ ఆడే మ్యాచ్‌లు ఉండేవి, 1934లో తెల్లజాతి పిచర్ డిజ్జీ డీన్ జట్టు మీద కూడా ఆడాడు. వాడు ఫోన్ తీసి అప్పటికప్పుడే ఆ స్కోర్లు వెతకడం మొదలుపెట్టాడు.