మండువా లోగిలి మరమ్మతు చిట్టా: లోయ రేకు నుంచి పంపకాల దస్తావేజు దాకా

ఇల్లు కోనసీమలో ఒక రైతు కుటుంబానిది. వీధి వైపు అరుగులు, లోపల 12 టేకు స్తంభాల మండువా (నడిమధ్య ఆకాశానికి తెరిచిన గుంట, చుట్టూ వసారా), వెనక పడమటిల్లు, ఆ వెనక ధాన్యం గాదె, దొడ్డి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, డెల్టాలో మాగాణి నిలదొక్కుకున్నాక ఎక్కువగా కట్టిన ఇళ్ల తరహా ఇది. లక్ష్యం ఒక్కటే: తొలకరికి ముందు కప్పూ, నీటి దారీ బాగుచేయడం, ఆ లోపే కాగితాలు సర్దడం.

మొదటి వారం: కొలతలు

టేపు, తాడుకు వేలాడే తూకం గుండు, నీళ్ల గొట్టం, సుద్దముక్క చాలు. మండువా గుంట 12 అడుగులకు 14. మూలమట్టం సరిగ్గా ఉంటే ఐమూల (మూల నుంచి ఎదురు మూలకు కొలత) 18 అడుగుల 5 అంగుళాలు రావాలి. వచ్చినవి 18 అడుగుల 9, 18 అడుగుల 1. అంటే మూలమట్టం తప్పింది. ఇది కట్టినప్పటి తేడానా, తర్వాత జరిగిందా అన్నది గుండు వేస్తే తెలిసిపోతుంది: స్తంభం అడుగూ తలా ఒకే గీతలో ఉంటే కట్టినప్పటిదే. ఇక్కడ ఆగ్నేయం మూల స్తంభం తల ఒకటిన్నర అంగుళం లోపలికి వచ్చింది. కింద రాతి దిమ్మె కదల్లేదు. తప్పు పైన, కప్పులో ఉంది.

ప్రతి దూలానికీ, వాసానికీ, ద్వారబంధానికీ సుద్దతో నంబరు వేసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాం. ఈ పని మొదటే చేయాలి. ఎందుకన్నది కాగితాల దగ్గర వస్తుంది.

రెండు నుంచి ఐదో వారం: లోయలు

మండువా ఇంటికి ప్రాణం, రోగం రెండూ అక్కడే. నాలుగు వాలులూ లోపలికి దిగుతాయి కాబట్టి మూల మూలకీ రెండు వాలుల నీళ్లు కలిసే లోయ ఒకటి ఉంటుంది. పెంకు పగిలితే ఒక చుక్క కారుతుంది, లోయ రేకు తుప్పుపడితే దాని కింద ఉండే మూలవాసం మొత్తం కుళ్లుతుంది.

ఆగ్నేయం మూల పెంకులు విప్పాం. రేకు మధ్యలో మేకులు కొట్టి ఉన్నాయి. పెంకుల అంచులు కదలకుండా ఎవరో సిమెంటు మెత్తారు. ఎండకీ వానకీ కప్పు కదులుతుంది, సిమెంటు కదలదు. ఆ పగుళ్లలో చేరిన నీళ్లు ఇక ఆరవు. మూలవాసం కింది కొస స్క్రూడ్రైవరుతో పొడిస్తే వేలెడు లోతు దిగింది. స్తంభం తలను లోపలికి నెట్టింది అదే.

ముందుగా దూలం కింద రెండు పక్కలా సరుగుడు బాదులు పోటు పెట్టి, కింద పలక వేసి, రోజుకు పావు అంగుళం మించకుండా చీలలు బిగిస్తూ ఎత్తాం. తొందరపడితే అవతలి మూలలో కుసులు (అతుకుల్లో దూరే చెక్క నాలుకలు) విరుగుతాయి. కుళ్లిన భాగం దాటి మంచి చెక్క వచ్చేదాకా కోసి, పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలిపాం. అతుకు పొడవు వాసం లోతుకు మూడింతలు, రెండు స్టెయిన్‌లెస్ బోల్టులు. వాసం మొత్తం మార్చేస్తే తేలికే, కాని మంచి చెక్క మూడొంతులు పోతుంది, పాత ఉలి గుర్తులూ పోతాయి.

లోయ రేకు: 24 గేజి గాల్వనైజ్డ్, 2 అడుగుల వెడల్పు. వసారా 9 అడుగులు, వాలు 30 డిగ్రీలు కాబట్టి లోయ పొడవు 13 అడుగుల 9 అంగుళాలు. చూరు దగ్గర మొదలుపెట్టి, పై రేకు కింది రేకు మీద 6 అంగుళాలు ఎక్కేలా వేసుకుంటూ పోవాలి. అంచులు రెండూ అంగుళం పైకి మడవాలి, మేకు ఆ మడత అవతలే. పెంకుల మధ్య 4 అంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే కొబ్బరి ఈనె ఇరుక్కుని ఆకు ఆగుతుంది. అల్యూమినియం వద్దు, తడి సున్నం దాన్ని తినేస్తుంది.

లోపలి వాలులు నాలుగూ కలిపి సుమారు 85 చదరపు మీటర్లు. బెంగుళూరు పెంకు (మంగళూరు పెంకు అన్నా ఇదే) చదరపు మీటరుకు 15 లెక్కన 1,275. పగుళ్లకు పదోవంతు కలిపి 1,400 కావాలి. పాతవి 800 పైగా బాగున్నాయి, మిగతావే తెచ్చాం. వేలితో కొడితే గలగలమన్నది ఉంచాం, డబడబమన్నది తీసేశాం. ఒకే వాలులో పాతవీ కొత్తవీ కలపకుండా, పాతవి కొన్ని వాలులకు, కొత్తవి మిగతా వాలులకు వేయాలి. మందంలో వెంట్రుక తేడా ఉన్నా కలిపితే గాడి కూర్చోదు.

పెంకు అడుగున ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. ఇల్లు ఎప్పటిదో తేల్చడానికి దాన్ని నమ్మకండి. ఈ పెంకు మన దేశంలో మొదలైందే 1865లో, మంగళూరులోని బాసెల్ మిషన్ కార్ఖానాలో. చాలా ఇళ్లకు ముందు కుమ్మరి గూన పెంకు ఉండి, తర్వాత ఇది ఎక్కింది. మన ఇంట్లోనూ పాత వాసాల మీద గూన పెంకు రీపర్ల (పెంకులు ఆనే సన్న బద్దల) మేకు రంధ్రాలు దగ్గర దగ్గరగా కనిపించాయి.

ఆరో వారం: తూము

కప్పూ గుంటా కలిపి 960 చదరపు అడుగుల వాన ఇందులో పడుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల వానకు దాదాపు 4,450 లీటర్లు. పాత ఇటుక తూము పూడిపోతే మధ్యలో ఎవరో 2 అంగుళాల పైపు వేశారు. అది అంచు మీద లెక్క, రెండు ఆకులు పడితే సరిపోదు. తూము తవ్వి లోపల 4 అంగుళాల పైపు, 80కి 1 వాలు, నోటికి ఊడదీయగల జాలీ పెట్టాం. స్తంభాల చుట్టూ పోసిన సిమెంటు నేల చెక్కేసి, రాతి దిమ్మె మళ్లీ 3 అంగుళాలు బయట కనిపించేలా చేశాం. దిమ్మె మునిగితే స్తంభం కాలు తడిలో నిలబడినట్టే.

ఏడు నుంచి పదో వారం: గోడలు

సిమెంటు పూత తీయగానే ఇటుక ముఖం పొడిపొడిగా రాలింది. నేల చెమ్మ బయటికి దారి లేక, ఉప్పు ఇటుకలోనే పేరుకుని పెట్లింది. మళ్లీ గుల్ల సున్నమే. నీళ్లలో చల్లార్చి, పైన రెండు అంగుళాల నీరు నిలిచేలా 15 రోజులు ఉంచి, జల్లెడ పట్టాం. ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక. 100 లీటర్ల నీటికి 3 కిలోల కరక్కాయ, 3 కిలోల బెల్లం నానబెట్టిన తేట. బెల్లం పెంచితే గట్టిపడటం ఆలస్యమవుతుంది.

మొదటి గోడ రెండుచోట్ల చెడింది. ఒకచోట పూత 20 మిల్లీమీటర్లు పడి, మండువాలోంచి ఎండ నేరుగా తగిలి జాలీలా పగిలింది. పొర 10 మిల్లీమీటర్లు దాటొద్దు, వారం రోజులు తడి గోనె కప్పాలి. ఇంకోచోట బఠాణీ గింజంత గుంటలు, ప్రతి గుంట మధ్యలో తెల్ల చుక్క. అది చల్లారని సున్నపు పలుకు, గోడెక్కాక ఉబ్బింది. తప్పు జల్లెడది. సన్నది వాడాక ఆగింది.

కాగితాలు

నూరేళ్లు దాటితే ఇంటికి దానంతటదే రక్షణ వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. 1958 కేంద్ర చట్టం కింద జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని ప్రకటించాలి, ముందు రెండు నెలల నోటీసు ఉంటుంది. రాష్ట్ర స్థాయిలో ఆంధ్రప్రదేశ్‌కు 1960 చట్టం, తెలంగాణకు 2017 వారసత్వ చట్టం. కేంద్ర రక్షిత కట్టడమైతే 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. నివాసం ఉంటున్న వీధిలో అది ఇరుగుపొరుగు మీద పడుతుంది. కాపురం ఉన్న రైతు ఇంటికి ఆ దారి మేం సూచించం.

1984లో ఏర్పడిన వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ జాబితాలో చేరడం మంచిదే. అది గుర్తింపు మాత్రమే, దానంతటది కూల్చివేతను ఆపలేదు.

బాధ కలిగించే సంగతి ఇది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం కట్టడం నుంచి విడదీసిన నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం కుదరదు, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. అంటే చెక్కిన ద్వారబంధం గోడలో ఉన్నన్నాళ్లూ పట్టించుకోని చట్టం, ఊడదీసిన రోజున దాన్ని గుర్తిస్తుంది. అందుకే మొదటి వారం ఫోటోలు, నంబర్లు. తలుపులు కొనేవాళ్లు లారీతో వచ్చి పోయాక, ఇది ఈ ఇంటిదని చూపడానికి అవే ఆధారం.

ఇళ్లు ఎక్కువగా పోయేది పంపకాల్లో. 2005 సవరణతో హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్ పోయింది కాబట్టి ఆడపిల్లలూ నివాస గృహంలో పంపకం అడగవచ్చు, అది న్యాయం కూడా. కాని మండువాకు అడ్డంగా గోడ పెడితే ఒకరి కప్పు నీళ్లు ఇంకొకరి గోడలోకి వెళ్తాయి. ఇల్లు మొత్తం ఒకరికి, పొలంలో సర్దుబాటు మిగతావారికి అన్నది మేలు. కుదరకపోతే మండువా, లోయలు, తూము ఉమ్మడి అని పంపకాల దస్తావేజులో రాసి రిజిస్టరు చేయించాలి. వాటా కొన్న బయటివారు పంపకం దావా వేస్తే, 1893 పంపకాల చట్టం 4వ సెక్షన్ కింద కుటుంబంలోని వాటాదారు ఆ వాటాను కోర్టు కట్టిన విలువకు కొనుక్కోవచ్చు.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతికించాలి. గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉన్న ఇల్లయితే సాధారణంగా పట్టా ఉండదు, 2020లో మొదలైన స్వామిత్వ (పల్లె ఇళ్ల స్థలాలు కొలిచే కేంద్ర పథకం) సర్వేలో కొలతలు సరిగా పడ్డాయో లేదో చూసుకోవాలి.

పదకొండో వారం: మొదటి వాన

నలభై నిమిషాలు గట్టిగా కురిసింది. ఆగ్నేయం మూల పొడిగా ఉంది, తూము నిలవలేదు. వాయవ్యం లోయ కింద నిమిషానికి ఒక చుక్క. రేకు మడత కాదు, కొప్పు పెంకు కింద సున్నం వదిలింది. ఆరాక కొప్పు మూడు పెంకులు విప్పి మళ్లీ పరవాలి.